బండి ముచ్చట: కార్ల కెమెరా మీద మీరు అడిగినయి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజ్‌లు అన్నీ ముందలేసుకొని చూస్తే సగానికి పైన డ్యాష్‌క్యామ్ గురించే ఉన్నయి, అంటే కారు ముందటద్దానికి పెట్టి రోడ్డును రికార్డు చేసే కెమెరా. ఒకే తీరుగ ఉన్నయి కలిపేసినం, పొడుగ్గ రాసినయి జర కుదించినం, పేర్లు వెయ్యలేదు, ఊర్లు మాత్రం ఉంచినం.

ప్ర: హనుమకొండల ఉంటం సార్, రోజూ జనగామ పోయొచ్చే టీచర్‌ని. పాత వ్యాగనార్ ఉంది. డ్యాష్‌క్యామ్ కోసం చూస్తే మూడు వేల నుంచి ఇరవై వేల దాకా ఉన్నయి, ఒకాయన 4కె తీసుకో అంటడు, ఇంకొకాయన 1080పి చాలంటడు. నాకు రాత్రి భయమే ఎక్కువ, కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడ్తరు, వెనక లైట్ లేని ట్రాక్టర్లు సరేసరి. ఏది కొనాలె?

జ: సార్, రాత్రి గురించి అడిగిన్రు కాబట్టి ముందు సెన్సర్ చూడండి, అంటే లోపల బొమ్మను పట్టే చిప్పు. 4కె, 1080పి అనేది బొమ్మ ఎంత వివరంగ ఉంటదన్న లెక్క, 4కె పెద్దది, ఆ ముచ్చట తర్వాత. పగటి పూట అయితే మామూలు 1080పి కెమెరా కూడా మంచిగనే తీస్తది, ముందు పోయే బండి దగ్గరికొస్తే నంబర్ చదవొచ్చు. తేడా అంతా చీకటి పడ్డంకనే తెలుస్తది. ఎదురుంగ వచ్చేటోడు హైబీమ్ కొడితే చిన్న సెన్సర్ ఉన్న కెమెరాల నంబర్ ప్లేటు ట్యూబ్‌లైట్ లెక్క తెల్లగ మెరుస్తది తప్ప అక్షరం కనవడది. డబ్బా మీదనో వెబ్‌సైట్లనో సోనీ స్టార్విస్, స్టార్విస్ 2 అని సెన్సర్ పేరు రాసి, దాంతోని హెచ్‌డిఆర్ (ఎక్కువ వెలుతురు, చీకటి రెండిటిని సర్దేది) కూడా ఉంటే అది నయం. సెన్సర్ పేరే చెప్పకుండ ఉత్త 4కె అని పెద్దక్షరాలల్ల రాసినయి జర అనుమానంగ చూడండి, తక్కువ రేటుల దొరికేటియి కొన్ని చిన్న బొమ్మనే సాగదీసి 4కె అని ఇస్తయి.

ఇంకొక మాట, ఇది కంపెనోళ్లు చెప్పరు. మీరు 80 మీద, ఎదుటోడు 80 మీద పోతుంటే రాత్రి పూట ఎదురు బండి నంబర్ ఎంత ఖరీదు కెమెరా అయినా పట్టుడు కష్టమే. అందుకే ఏదన్న జరిగితే నంబర్ మీరే గట్టిగ పైకి చదవండి, మైక్ ఆన్ ఉంటే మీ గొంతు రికార్డయితది, తర్వాత అదే పనికొస్తది.

మీ అవసరానికి ముందల ఒక్క 2కె కెమెరా (1080పికి, 4కెకు నడుమది), స్టార్విస్ సెన్సర్, లోపల బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ (కరెంటును కొద్దిసేపు దాచే పార్టు), ఇవి ఉంటే చాలు. ఐదు నుంచి పది వేల నడుమ దొరుకుతయి. క్యూబో, సెవెంటీమై, డిడిపాయ్, వయోఫో ఇట్ల పేర్లు వినే ఉంటరు, కానీ ఒకే కంపెనీల కూడా మోడల్ మోడల్‌కు సెన్సర్ మారుతది, పేరు చూసి కాదు స్పెసిఫికేషన్ చూసి కొనండి. స్క్రీన్ లేకున్నా ఫికర్ లేదు, వైఫైతోని ఫోన్ల చూస్కోవచ్చు.

ఎక్కడ పెట్టాలె అని మీరు అడగలేదు గని చెప్త. లోపలి అద్దం వెనక, ఎడమ దిక్కు, వైపర్ తుడిచే జాగల పెట్టించండి. వైపర్ అందని మూలకు పెడితే వానకాలం మొత్తం నీళ్ల చుక్కలే రికార్డయితయి. ముందటద్దం అంచుకు నల్ల చుక్కల పట్టీ ఉంటది చూడండి, దాని మీద టేపు సరిగ్గ పట్టదు. అద్దానికి దండ, తావీజు వేలాడదీస్తే అది లెన్స్ ముందల ఊగుకుంట ఉంటది. డ్యాష్‌బోర్డు మీద తెల్ల బట్ట, టిష్యూ డబ్బా ఉంటే వాటి నీడ అద్దంల పడి వీడియో మసక కొడ్తది. దేవుని బొమ్మ తియ్యమని మేం చెప్పం, కొద్దిగ పక్కకు జరపండి.

ప్ర: గోదావరిఖని. డ్యూటీకి పోయినప్పుడు కారు ఎండలనే పెడ్త, అక్కడ చెట్టు లేదు షెడ్డు లేదు. మే నెలల కెమెరా దానంతటదే ఆగిపోయింది, ఇప్పుడు ఆన్ చేస్తే ప్రతిసారి తేదీ పాతదానికి పోతుంది, వెనక మూత కూడా కొంచెం లేచినట్టుంది. రిపేర్ అయితదా?

జ: అన్నా, ముందు దాన్ని కార్ల నుంచి ఇయ్యాల్నే తీసెయ్యండి, ఈ జవాబు మొత్తం చదవకముందే. మూత లేచిందంటే లోపల లిథియం బ్యాటరీ ఉబ్బింది. మల్ల ఛార్జింగ్ పెట్టొద్దు, పొడవొద్దు, నొక్కొద్దు, చెత్తల పారేయొద్దు, ఎలక్ట్రానిక్ చెత్త తీసుకునేటోళ్లకు ఇయ్యండి. తేదీ పోతుంది కూడా అందుకే, బ్యాటరీ చచ్చిపోతే కెమెరాకు టైం గుర్తుండదు.

రామగుండం దిక్కు ఎండ గురించి మీకు నేను చెప్పుడేంది, బయట 45 ఉన్ననాడు అద్దాలు బిగించిన కారు లోపల 60 దాటుతది, అద్దానికి అతుక్కొని ఉన్న నల్ల డబ్బాకు ఇంకా ఎక్కువ. మామూలు లిథియం బ్యాటరీకి 45 డిగ్రీల పైన ఛార్జింగ్ పెట్టుడే మంచిది కాదు. మీరు మధ్యాహ్నం వచ్చి కారు స్టార్ట్ చేయంగనే కెమెరా ఆ వేడి మీదనే ఛార్జ్ అవుడు మొదలుపెడ్తది. ఒక్క ఎండకాలం గట్లనే పోతది.

మల్ల కొనేటప్పుడు సూపర్ కెపాసిటర్ అని స్పష్టంగ రాసి ఉన్నదే తీసుకోండి. అది వేడికి తట్టుకుంటది. దాంట్ల కరెంటు కొద్ది సెకన్లే ఉంటది, కారు బంద్ అయినంక చివరి ఫైల్ సేవ్ చేసుకునేందుకు అంతే, దాంతోని పార్కింగ్ రికార్డింగ్, అంటే కారు ఆగి ఉన్నప్పుడు తీసుడు, నడవది. సక్షన్ కప్పు వద్దు, ఎండకు ఊడి పడ్తది. మంచి 3ఎం టేపు, సాయంత్రం చల్లవడ్డంక అద్దం స్పిరిట్‌తోని తుడిచి అతికించి, ఒక రోజు ఆగి కెమెరా తగిలించండి. ఏప్రిల్, మే నెలలల్ల డ్యూటీ టైంల పార్కింగ్ మోడ్ బంద్ పెట్టుడే మంచిది, లేకుంటే సన్‌షేడ్ పెట్టి కెమెరాను దాని వెనక నీడల ఉంచండి.

ప్ర: మాది నర్సంపేట, మిర్చి వ్యాపారం. ఎనుమాముల మార్కెట్ కాడ కారు పెడితే ఎవరో ఒకరు గీకి పోతున్నరు. అందుకని కారు ఆగి ఉన్నప్పుడు కూడా రికార్డయ్యేటట్టు ఒక షాపుల వైరింగ్ చేయించిన. ఇప్పుడు రెండు రోజులు బండి తియ్యకుంటే సెల్ఫ్ కొడ్తలేదు. వాళ్లేమో బ్యాటరీ మార్చు అంటున్నరు, బ్యాటరీ కొని ఏడాదే అయింది.

జ: అన్నా, బ్యాటరీకి పైసలు పెట్టకముందు ఫ్యూజ్ బాక్స్ తెరిపించండి. మీది బ్యాటరీ తప్పు కాదు, వైర్లు తప్పు జాగల పెట్టినట్టున్నరు.

పార్కింగ్ రికార్డింగ్‌కు హార్డ్‌వైర్ కిట్ అని ఉంటది, దానికి మూడు వైర్లు. ఒకటి ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు పోవాలె, చాలా కిట్లల్ల ఇది పసుపు రంగు. రెండోది తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు, ఇది ఎర్రది. మూడోది నల్లది, బాడీ బోల్టుకు. రంగులు కిట్టు కిట్టుకు మారుతయి, దాంతోని వచ్చిన కాగితం చూసి పెట్టాలె. కొన్ని షాపులల్ల ఏం చేస్తరంటే ఎర్రది, పసుపుది రెండూ కలిపి ఎప్పుడూ కరెంటుండే దానికే పెట్టేస్తరు, పని తొందరగ అయితది కదా. అప్పుడు కెమెరా కారు నడుస్తనే ఉంది అనుకుంటది, రాత్రంతా ఫుల్ రికార్డింగ్. ఇంకా అధ్వానం ఏందంటే కిట్టే పెట్టకుండ రెండు వైర్లతోని సీదా బ్యాటరీకి కలుపుడు.

మీరే చూస్కోవచ్చు. కారు బంద్ చేసి, తాళం తీసి, తలుపులు వేసి పది నిమిషాలు ఆగండి. కెమెరా స్క్రీన్ మీదనో ఫోన్ యాప్‌లనో పార్కింగ్ మోడ్ అని రావాలె. మామూలు రికార్డింగే నడుస్తుంటే ఎర్ర వైర్ తప్పు జాగల ఉన్నట్టే.

సరిగ్గ పెట్టినా పార్కింగ్ కెమెరా కరెంటు తాగుతది, అది ఉత్తగ నడవదు కదా. 0.3 యాంపియర్ అనుకున్నా రోజుకు 7 యాంపియర్ అవర్ పోతది, చిన్న పెట్రోల్ బండ్ల బ్యాటరీ మొత్తమే 35. అందుకే కిట్ల కటాఫ్ ఉంటది, బ్యాటరీ వోల్టేజ్ ఇంతకు పడిపోతే కెమెరాను బంద్ చేస్తది. మీరు 12.2 మీద పెట్టుకోండి, పాత బ్యాటరీ అయితే 12.4. షాపోళ్లు 11.6 మీద పెట్టి ఇస్తే కెమెరా మస్తు సేపు నడుస్తది గని పొద్దుగాల బండి స్టార్ట్ కాదు. మార్కెట్ల నాలుగైదు గంటలకైతే బేఫికర్‌గ వాడుకోండి, మేడారం జాతరకు పోయి బండిని రెండు రోజులు పార్కింగ్ల వదిలేసేటప్పుడు మాత్రం బంద్ చేసి పోండి.

ఫ్యూజ్ బాక్స్ తెరిచినప్పుడు ఇంకో రెండు చూపించుకోండి. వైర్ కోసి అతికించకుండ ఫ్యూజ్ ట్యాప్‌తోని (ఫ్యూజు జాగల దిగి ఇంకో వైరుకు కరెంటిచ్చే చిన్న పార్టు) తీసుకోవాలె, ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు, ఏబీఎస్ ఫ్యూజు జోలికి అస్సలు పోవద్దు. పక్క పిల్లర్ ప్లాస్టిక్ లోపల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే కెమెరా వైరు ఆ బ్యాగుకు వెనక నుంచి పోవాలె. ముందల నుంచి తీస్తే గుద్దుకున్న నాడు బ్యాగు తెరుచుకునే దారిలో వైరు అడ్డమొస్తది. ఫిట్టింగ్ అబ్బాయి పిల్లర్ ప్లాస్టిక్ ఊడదీయకుండ కార్డుముక్కతోని సందులకు దోపుతుంటే పక్కన నిలవడి అడగండి, వైరు ఎటు పోతుంది తమ్మీ అని. గుస్స అయితే అయిండు.

ప్ర: మంచిర్యాల, ట్యాక్సీ నడుపుత. పాత వీడియోలు దానంతటదే చెరుపుకుంటది అన్నరు, నాకేమో మెమరీ కార్డు ఫుల్ అని వస్తుంది.

జ: తమ్మీ, గుద్దుకుంటే ఆ వీడియో చెరగకుండ తాళం వేసే జీ సెన్సర్ ఉంటది. దాన్ని హై మీద పెడితే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కు, ప్రతి గుంతకు ఒక ఫైల్ లాక్ అయితది, బొగ్గు లారీలు తిరిగే రోడ్ల మీద ఇంక చెప్పేదేముంది, వారంల కార్డు నిండుతది. లో మీద పెట్టి, కావలసినయి ఫోన్లకు తీసుకొని, కార్డును కెమెరాలనే ఫార్మాట్ చెయ్యి, నెలకొకసారి అట్ల చేస్తుండు. ఫోన్లకు వాడే మామూలు కార్డు పెట్టకు, హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నది కొను, పొద్దంతా రాసి చెరిపే పనికి అదే ఆగుతది. 1080పి వీడియో గంటకు 7 జీబీ దాకా తింటది, అంటే 64 జీబీల ఎనిమిది తొమ్మిది గంటలు. ట్యాక్సీ కాబట్టి 128 పెట్టుకో. ఫుట్‌పాత్ మీద సగం రేటుకు దొరికే 128లు మాత్రం వద్దు, చాలామటుకు లోపల అంత ఉండదు.

ప్ర: కరీంనగర్. వెనక కెమెరా అవసరమా? కార్ల మేం మాట్లాడుకునేది కూడా రికార్డయితదని మా అత్తమ్మ కారెక్కినంక నోరు విప్పుతలేదు.

జ: అక్కా, మైక్ బంద్ చేసే ఆప్షన్ చాలా కెమెరాలల్ల ఉంటది, అత్తమ్మ ముందలనే బంద్ చేసి చూపించండి. క్యాబ్ నడిపేటోళ్లయితే ఎక్కినోళ్లకు చెప్పకుండ మైక్ పెట్టుడు మర్యాద కాదు. వెనక కెమెరా సిటీలనే ఎక్కువ పనికొస్తది, సిగ్నల్ కాడ వెనక నుంచి ఆటో వచ్చి తాకిస్తే తప్పు మనదే అని మీద పడేది చూస్తనే ఉన్నం కదా. హ్యాచ్‌బ్యాక్ అయితే వైరు డిక్కీ తలుపు కాడి రబ్బర్ గొట్టంల నుంచి పోవాలె, బయటికి వేలాడితే రోజూ తలుపు పడి తెగుతది.

ప్ర: పరకాల కాడ రాంగ్ రూట్ల బైక్ వచ్చి నా కారుకు తాకి పడ్డడు, పెద్ద దెబ్బల్లేవు. తర్వాత ఐదారుగురిని తీసుకొచ్చి ఇరవై వేలు ఇయ్యమంటున్నడు. నా దగ్గర వీడియో ఉంది. పోలీసోళ్లు తీసుకుంటరా?

జ: తీసుకుంటరు, కానీ వీడియో ఎట్ల దాచుకున్నరు అన్నది ముఖ్యం. ముందు ఆ కార్డు తీసి పక్కకు పెట్టండి, కెమెరాల ఇంకో కార్డు వేసుకోండి. అసలు కార్డే అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. దాన్ని కత్తిరించుడు, బాణం గుర్తులు పెట్టుడు, పాట ఎక్కించుడు ఏమీ వద్దు. వాట్సాప్‌ల వీడియోగ పంపితే నాణ్యత పడిపోయి నంబర్ చదవరాదు, పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గ పంపండి. కాపీ ఇస్తే కోర్టు దాకా పోయినప్పుడు సర్టిఫికెట్ కావాలె. ఇంతకుముందు పాత సాక్ష్యాల చట్టంల 65బి సెక్షన్ అనేటోళ్లు, 2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం వచ్చినంక అది 63వ సెక్షన్ అయింది. దాంట్ల రెండు భాగాలు ఉంటయి, ఒకటి మీరు నింపేది, ఇంకోటి నిపుణుడు నింపేది, ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే అక్షరాల, అంకెల గుర్తు) కూడా రాయాలె. వకీలుకు తెలిసే ఉంటది.

ఆ ఐదారుగురితోని రోడ్డు మీద ఫోన్ల వీడియో చూపిస్త అని పంచాయితీ పెట్టకండి, స్టేషన్ల రాతపూర్వకంగ ఫిర్యాదు ఇచ్చి ఇన్సూరెన్సోళ్లకు కూడా చెప్పండి. ఇచ్చేముందు వీడియో మీరు ఒకసారి మొత్తం చూడండి, జీపీఎస్ ఉన్న కెమెరా అయితే కింద మీ స్పీడ్ కూడా పడి ఉంటది. ఊరి నడుమ మీరు 90 మీద ఉంటే వకీలు ముందల ఆ మాట దాచకండి, అవతలోళ్లు ఎట్లనన్న చూస్తరు.

ప్ర: జగిత్యాల. మా తమ్ముడు దుబాయ్ నుంచి వస్తుండు, అక్కడ కెమెరా చీప్ అంటుండు. తెమ్మంటరా?

జ: ముందటద్దానికి అతికించే మామూలు రకం తేవచ్చు, వారంటీ ఇక్కడ నడుస్తదా అని మాత్రం కొనే షాపుల అడగమనండి. వచ్చినంక సెట్టింగ్‌ల టైం మార్చుడు మర్చిపోవద్దు, దుబాయ్ టైం మనకంటే గంటన్నర వెనక ఉంటది. తొమ్మిదింటికి జరిగిన యాక్సిడెంట్ వీడియోల ఏడున్నర అని ఉంటే స్టేషన్ల ఆ గంటన్నర సంగతి చెప్పలేక చావాలె. అద్దం మీద తొడిగే మిర్రర్ కెమెరా అయితే వద్దనండి, అక్కడ స్టీరింగ్ ఎడమకు ఉంటది, లెన్స్ కూడా ఆ బండ్లకు తగ్గట్టే పెట్టి ఉండొచ్చు. దానికంటే మంచి కంపెనీ హై ఎండ్యూరెన్స్ కార్డులు ఒక రెండు, బిల్లుతోని తెమ్మనండి.