రోహిణి కార్తెలో దిగులు

ప్రశ్న: నా వయసు 36. మూసాపేటలో ఒక అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉంటున్నాము. మూడేళ్లుగా గమనిస్తున్నాను, ఉగాది దాటి రెండు మూడు వారాలు కాగానే నాకు నిద్ర కరువవుతుంది, అన్నం సయించదు, చిన్న మాటకే పిల్లలను కసురుకుంటాను, మధ్యాహ్నం పూట తలుపు వేసుకుని ఏడుస్తాను. మృగశిర కార్తె వచ్చి నాలుగు వానలు పడితే మళ్లీ మామూలు మనిషినవుతాను. అందరూ చలికాలపు దిగులు గురించి చెబుతారు గానీ, నాకు డిసెంబరు, జనవరి నెలలే హాయి. మా అత్తయ్య గారు "ఎండలు నీ ఒక్కదానికేనా?" అంటారు. ఒక క్లినిక్‌లో చెబితే "ఏసీ పెట్టించుకోండమ్మా" అని నవ్వి పంపించారు. ఇది జబ్బేనా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఎండ అందరి మీదా పడుతుంది గానీ, దాన్ని తట్టుకునే తీరు మనిషి మనిషికీ మారుతుందని మీ అత్తయ్య గారికి నా మాటగా చెప్పండి. రుతువును బట్టి వచ్చే డిప్రెషన్‌ను 1984లో అమెరికాలో నార్మన్ రోజెంతాల్, ఆయన సహచరులు వర్ణించినప్పుడు అందరి దృష్టీ చలికాలం మీదే నిలిచింది. అయితే వేసవిలో కుంగిపోయి చలికాలంలో తేరుకునే వారి గురించి ఆ బృందమే 1987లో రాసింది. రెండింటి లక్షణాలూ దాదాపు ఎదురెదురుగా ఉంటాయి. చలికాలపు దిగులులో మనిషి ఎక్కువగా నిద్రపోతాడు, తీపి, పిండి పదార్థాలు ఎక్కువగా తిని బరువు పెరుగుతాడు. వేసవి దిగులులో నిద్ర, ఆకలి తగ్గుతాయి, చిరాకు, ఆందోళన పెరుగుతాయి. మీ ఉత్తరం ఈ రెండో వర్ణనకు చాలా దగ్గరగా ఉంది.

చలికాలపు దిగులుకు పగటి వెలుగు తగ్గడాన్ని ముఖ్య కారణంగా చెబుతారు. మన హైదరాబాద్‌లో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి మీ విషయంలో నేను మొదట వేడినీ, అది చెడగొట్టే నిద్రనూ అనుమానిస్తాను. మనకు నిద్ర పట్టాలంటే శరీరం లోపలి ఉష్ణోగ్రత కొంచెం తగ్గాలి. పగలంతా ఎండను తాగిన కాంక్రీటు స్లాబు ఆ వేడిని రాత్రి వదులుతుంది. పదకొండు గంటలకు మంచం మీద నిలబడి పైకప్పును అరచేత్తో తాకి చూడండి, నేను చెప్పేది అర్థమవుతుంది. అలాంటి గదిలో నెలన్నర పాటు అరకొర నిద్రతో గడిపితే ఎంతటి స్థిమితపరులైనా చెదరిపోతారు. దానికి తోడు పిల్లలకు సెలవులు, ఇంటికి చుట్టాలు, పెళ్లిళ్లు! వేసవిలో ఇల్లాలికి విశ్రాంతి దొరుకుతుందని ఎవరన్నారో గానీ, వారు వంటగదిలోకి తొంగి చూసి ఉండరు.

ఏసీ సలహా తప్పు కాదు, నవ్వి పంపడమే తప్పు. ఏసీ కుదరకపోతే స్లాబుకు మార్చిలోనే తెల్ల సున్నమో, కూల్ పెయింటో వేయించండి. కూలర్ పెడితే కిటికీ కొద్దిగా తెరిచి ఉంచండి. తొలకరి తర్వాత గాలిలో తేమ పెరిగాక అది చల్లదనానికి బదులు ఉక్కపోతనే పెంచుతుంది. పడుకునే ముందు స్నానం చేయండి, నడకను తెల్లవారుజాముకు మార్చండి, ఆకలి లేకపోయినా మజ్జిగ మానవద్దు.

వీటితోనే సరిపెట్టుకోవద్దు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా వేడి భరించలేకపోవడం, నిద్రలేమి, బరువు తగ్గడం, ఆందోళన కనిపిస్తాయి కనుక ముందు ఆ రక్తపరీక్ష చేయించండి. తర్వాత సైకియాట్రిస్టును కలిసి, ఏ నెలలో మొదలైందో, ఏ నెలలో తగ్గిందో మూడేళ్ల వివరాలూ కాగితం మీద రాసి చూపించండి. ఎప్పుడైనా తక్కువ నిద్రతోనే అలసట లేకుండా విపరీతమైన హుషారుగా గడిపిన రోజులుంటే అదీ చెప్పండి, మందుల ఎంపిక దాన్ని బట్టి మారుతుంది. వచ్చే ఏడాది ఉగాదికి నెల ముందే వెళ్లడం మంచిది. చనిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా తమ్ముడు లిథియం మాత్రలు (మితిమీరిన హుషారు, దిగులు మారి మారి వచ్చే బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు) వాడుతున్నాడు. ఎండలకు జాగ్రత్తలేమైనా ఉన్నాయా?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: ఉన్నాయి. చెమటతో నీరు, ఉప్పు పోయినప్పుడు మూత్రపిండాలు లిథియంను బయటకు పంపకుండా పట్టి ఉంచుతాయి, దాంతో రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. నీళ్లు తగినన్ని తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానేయకూడదు, ఐబుప్రోఫెన్ వంటి నొప్పి మాత్రలను సొంతంగా వేసుకోకూడదు. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, నడక తూలడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, లిథియం వాడుతున్న సంగతి అక్కడ ముందుగా చెప్పండి.