ఇంగ్లండ్‌లోని లెస్టర్ ఊరు చూపించబోయే బుజ్జికి

బుజ్జీ,

కొత్తగా వచ్చిన మన పిల్లలు ఇరవైమందిని వెంటేసుకుని వచ్చే శనివారం లెస్టరంతా తిప్పి చూపిస్తావటగా, మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. మరుక్షణమే భయమూ పట్టుకుంది. బెల్‌గ్రేవ్ రోడ్డులో దోసె తినిపించి, ఫోటోలు దిగి, ఊరు చూపించేశానంటావేమోనని!

ముందు నోరు సరిచెయ్యి. స్పెల్లింగు చూసి లీసెస్టర్ అననివ్వకు, లెస్టర్. బెల్వాయర్ అనిపించే వీధిని బీవర్ అనాలి. గ్యాలోట్రీ గేట్, బెల్‌గ్రేవ్ గేట్ అని బోర్డులుంటాయి, గుమ్మం ఎక్కడా అని వెతుక్కోకండి. వెయ్యేళ్ళ కిందటి మాట, డెన్మార్క్ నించి వచ్చిన డేన్లు ఏలిన ఊరది; వాళ్ళ భాషలో 'గాట' అంటే వీధి. కొట్లో ఆవిడ 'మి డక్' అంటే బాతు అని వెక్కిరించినట్టు కాదు, మనం 'నాయనా' అన్నట్టు.

పదింటికి స్టేషన్ దగ్గర కలుసుకోండి. 1841 జూలై 5న, తర్వాత యాత్రల వ్యాపారంలో పేరు మోసిన థామస్ కుక్ తలకో షిల్లింగు తీసుకుని ఐదువందలమందిని మద్యపాన వ్యతిరేక సభకి రైల్లో లఫ్‌బరో తీసుకెళ్ళింది ఈ ఊరి నించే. ఆయన ఐదువందలమందిని తిప్పాడు, నీకు ఇరవైమందేగా, ప్రతి మలుపులోనూ లెక్కపెట్టుకో. అక్కణ్ణించి న్యూవాక్ మీదుగా నడిపించు. 1785లో వేసిన నడకదారి, వాహనాలు రావు.

కెథడ్రల్ దగ్గర తొందరపడకు. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో చచ్చిపోయిన ఇంగ్లండ్ రాజు మూడో రిచర్డ్‌ని గ్రేఫ్రయర్స్ మఠంలో పూడ్చారు. మఠం పోయింది, గుర్తూ పోయింది. ఎముకలు సోర్ నదిలో పారేశారని జనం శతాబ్దాలపాటు చెప్పుకున్నారు. 2012 ఆగస్టులో ఊరి కౌన్సిల్ కారు పార్కింగ్‌లో కందకం తవ్వితే మొదటిరోజే కాలి ఎముకలు కనిపించాయి. పక్కకి వంగిన వెన్నెముక, తల మీద గాయాలు, అక్క వంశంలోవాళ్ళతో కలిసిన డీఎన్ఏ చూసి ఆయనేనని తేల్చారు. 2015 మార్చి 26న కెథడ్రల్‌లో సమాధి చేశారు. ఎదురుగా ఉన్న విజిటర్ సెంటర్‌లో ఆ గొయ్యి అద్దం కింద అలాగే ఉంటుంది. అక్కడ టికెట్ కొనాలి, ముందే బుక్ చెయ్యి. ఎవరైనా నది కథ ఎత్తితే ఆ గొయ్యి చూపించు, చాలు.

ఇక నా అసలు బెంగ. బెల్‌గ్రేవ్ రోడ్డులో పట్టుచీరలు, బంగారం కొట్లు చూపించి ఆ రోడ్డు ఎలా పుట్టిందో చెప్పకుండా దాటించేస్తావని. చాలామంది చేసేది అదే, మంచి రోజున చేదు మాట ఎందుకని. చెప్పి తీరాలి. 1972 ఆగస్టులో ఉగాండాని ఏలుతున్న ఈదీ అమీన్ అక్కడి ఆసియావాళ్ళని, అంటే ఎక్కువగా మన గుజరాతీలని, తొంభై రోజుల్లో దేశం వదిలిపొమ్మన్నాడు. వాళ్ళలో వేలమంది చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టులున్నాయి. లెస్టర్ కౌన్సిల్ సెప్టెంబరులో అక్కడి ఉగాండా ఆర్గస్ పేపర్లో డబ్బిచ్చి ప్రకటన వేయించింది: ఇళ్ళు చాలవు, బడులు నిండిపోయాయి, మీ మేలు కోరి చెబుతున్నాం, లెస్టర్ రావద్దు. అంతవరకూ ఊరి పేరే వినని వాళ్ళకి కూడా ఆ ప్రకటనే పేరు చెప్పిపెట్టింది! వచ్చారు. హోజరీ మిల్లుల్లో పనిచేశారు, ఈ రోడ్డులో ఖాళీ పడ్డ కొట్లు తెరిచారు.

ఒక్క పొరపాటు మాత్రం చెయ్యకు, అందరూ ఉగాండా నించే వచ్చారనకు. గుజరాతీలు, పంజాబీలు అంతకుముందే ఉన్నారు, 1968లో కెన్యా నించి వచ్చినవాళ్ళూ ఉన్నారు. ముందు వచ్చిన చుట్టం ఉన్నచోటికే వెనకవాళ్ళు వచ్చారు, అంతే. 2021 జనగణనలో ఊళ్ళో ఆసియావాళ్ళు 43.4 శాతం. రావద్దన్న ఆ కౌన్సిలే ఇప్పుడు ఆ రోడ్డుకి దీపావళి దీపాలు కడుతుంది. ఈ మాట రోడ్డు మొదట్లోనే, ఆకలెయ్యకముందే చెప్పు. భోజనమయ్యాక ఎవరూ వినరు. కొట్టువాళ్ళతో తెలుగులో మొదలెట్టకు, గుజరాతీలో 'కెమ్ ఛో' (ఎలా ఉన్నారు) అను, ముఖాలు విచ్చుకుంటాయి.

స్టేడియాలు ఇంకో రోజుకి పెట్టుకో. బెల్‌గ్రేవ్ ఉత్తరాన, లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టు స్టేడియం కింగ్ పవర్ దక్షిణాన. రెండూ కలిపితే పిల్లల కాళ్ళు పడిపోతాయి. కథ మాత్రం దారిలో చెప్పు: 2015–16 మొదట్లో ఆ జట్టు ప్రీమియర్ లీగ్ గెలుస్తుందని ఒక పౌను పందెం కాస్తే ఐదువేలు. 2016 మే 2న వాళ్ళు ఆడకుండానే కప్పు ఖాయమైంది, టాటెన్‌హామ్ చెల్సీతో 2–2తో ఆగిపోవడంతో. ఫుట్‌బాల్ నచ్చనివాళ్ళకి వెల్‌ఫర్డ్ రోడ్డుంది, టైగర్స్ రగ్బీ జట్టు 1892 నించి ఆడుతున్న మైదానం. కింగ్ పవర్‌కి మ్యాచ్ రోజు వెళితే ఎవరూ ఎర్ర చొక్కా వేసుకోకుండా చూడు, పోటీ జట్టు నాటింగ్‌హామ్ ఫారెస్ట్ రంగు అది.

అక్టోబరు చివర గడియారం గంట వెనక్కి తిప్పాక ఐదు దాటితే చీకటే. వానకోటు వేసుకో, గొడుగుని నమ్ముకోకు, గాలికి తిరగబడుతుంది. చెవులు కప్పుకో తల్లీ. ఇల్లు చేరాక ఇరవైమందీ చేరారని రాయి, అప్పుడు పడుకుంటాను.

మీ పెద్దమ్మ