టాలమీ ఒక్కరు కారు

మైసోలియా తీరాన్ని (నేటి కృష్ణా డెల్టా తీరప్రాంతాన్ని) పేర్కొన్న టాలమీ, క్లియోపాత్రా వంశీయుడైన టాలమీ ఒక్కరేనా అని మీరు అడిగారు. కాదండీ. అలెగ్జాండర్ సేనాని అయిన టాలమీ క్రీ.పూ. 305లో ఈజిప్టులో రాజబిరుదు ధరించాడు. ఆ వంశపు రాజులందరూ అదే పేరు పెట్టుకోగా, క్రీ.పూ. 30లో వారి పాలన ముగిసింది. మైసోలియాను పేర్కొన్న భూగోళ గ్రంథకర్త క్లాడియస్ టాలమీ క్రీ.శ. 2వ శతాబ్దంలో, రోమన్ల ఏలుబడిలోని అలెగ్జాండ్రియాలో పనిచేసిన ఖగోళ శాస్త్రవేత్త. మధ్యయుగపు ఐరోపా చిత్రకారులు సైతం ఆయన తలపై కిరీటం పెట్టారు కనుక మీ సందేహం కొత్తదేమీ కాదు.

అశోకుని 13వ శిలాశాసనంలో (కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ దాని ప్రతి ఉంది) ప్రస్తావించిన తురమాయ మాత్రం రాజే, అంటే రెండవ టాలమీ. అసలు చిక్కంతా భూగోళ గ్రంథంలోనే ఉంది: అందులో బైఠనను, అంటే నేటి పైఠన్‌ను, ఏలుతున్నట్లు చెప్పిన ‘సిరో టొలెమయోస్’ గ్రీకువాడే కాడు, మన శాతవాహన పులుమావి అని చరిత్రకారులు గుర్తించారు. పరాయి రాజు పేరు గ్రీకు చెవికి పరిచితమైన పేరుగా వినిపించి ఉంటుందని నా అభిప్రాయం.

వృశ్చిక రాశిలోని టాలమీ నక్షత్రగుచ్ఛానికి, చంద్రునిపై ఉన్న టాలమీ బిలానికి ఆ పేరు శాస్త్రవేత్త నుంచే వచ్చింది. మీ పుస్తకంలో పేరు పక్కన సోటర్, ఫిలడెల్ఫస్ వంటి బిరుదు కనిపిస్తే రాజుగానే తీసుకోండి.