నెల్లూరులో వాలీబాల్ ఎక్కడ ఆడొచ్చు? నా అనుభవం

ఉద్యోగం మీద కొత్తగా నెల్లూరు వచ్చాను, కాలేజీ రోజుల్లో వాలీబాల్ ఆడేవాణ్ణి, ఇక్కడ సాయంత్రాలు ఆడుకోవడానికి చోటు ఉందా, మంచి మ్యాచ్‌లు ఎక్కడ చూడొచ్చు అని ఒకరు అడిగారు. పదేళ్ల కిందట కనబడిన ప్రతి మనిషినీ నేను అడిగిన ప్రశ్న ఇదే. మాది పొదిలి దగ్గర పల్లె. గుడి వెనక రెండు గుంజలు, ఒక నెట్, పొద్దు వాలేసరికి పన్నెండు మంది తయారు. చిన్న పల్లెలోనే ఇట్లా ఉంటే నెల్లూరంత ఊళ్లో ఇంకెన్ని కోర్టులు ఉంటాయో అనుకుని వచ్చాను. మూలాపేట నుంచి వేదాయపాళెం దాకా నెల రోజులు బండి మీద తిరిగాను, నెట్ కట్టిన గుంజలు కనబడితే ఒట్టు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. ఏసీ సుబ్బారెడ్డి స్టేడియానికి వెళ్లి అక్కడ ప్రాక్టీస్ చేసే పిల్లల్ని అడగండి. ఆఫీసులో అడిగితే పని కాదు, ఆడేవాళ్లను అడగాలి. ఏ కాలేజీ గ్రౌండ్‌లో ఎవరు ఆడుతున్నారో, ఎవరికి మనిషి తక్కువయ్యాడో వాళ్లకే తెలుస్తుంది. నాకు మొదటి జట్టు దొరికింది ఇలాగే.

ఆ జట్టు ఎక్కువ రోజులు నిలవలేదు. ఊరి మధ్యలో ఒక గ్రౌండ్‌లో మేమే చందాలు వేసుకుని ఇనుప గుంజలు పాతుకున్నాం, సున్నంతో గీతలు గీసుకున్నాం, ఎనిమిది నెలలు ఆడాం. తర్వాత అక్కడ ఎగ్జిబిషన్ పెడుతున్నామని గుంజలు పీకేశారు. ఎగ్జిబిషన్ అయిపోయింది, గుంజలు మాత్రం తిరిగి రాలేదు. ఎవరిని అడిగినా ఇంకొకరి పేరు చెప్పారు. నాకు ఇప్పటికీ మండుతుంది. వాలీబాల్ కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, చుట్టూ పరిగెత్తడానికి కొంత ఖాళీ, అంతే. పన్నెండు మంది ఒకేసారి ఆడుకోవడానికి ఇంత చోటు చాలు. అదే బాక్స్ క్రికెట్‌కైతే ఖాళీ స్థలం కనబడితే చాలు, వల చుట్టేసి గంటకు ఇంత అని వసూలు చేస్తున్నారు. మన మగవాళ్ల జట్టు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కంచు పతకం తెచ్చింది, ఆ తర్వాత ఆసియా క్రీడల్లో వాలీబాల్ పతకమే లేదు. రకరకాల కారణాలు చెప్తారు, నన్నడిగితే మాత్రం ఊళ్లలో గుంజలు పోవడమే కారణం.

ఇక నాకు అసలు ఆట దొరికిన చోటు చెప్తాను. 2017 మే నెలలో ఒక ఆదివారం, ఇంట్లో వాళ్లను తీసుకుని మైపాడు బీచ్‌కు పోయాను. నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు ఉంటుంది. వాళ్లు నీళ్లలో ఆడుకుంటుంటే నేను ఊరకనే ఒడ్డు వెంట ఉత్తరానికి నడుచుకుంటూ పోయాను. కొంచెం దూరం పోయాక చేపలు పట్టేవాళ్ల పాళెం ఒకటి వచ్చింది. పడవలన్నీ ఇసుక మీదకు లాగి ఉన్నాయి. వాటి వెనక అరుపులు. పోయి చూస్తే రెండు సర్వి కొయ్యలు పాతి, నెట్ కట్టి, నలుచదరంగా తాడు పరిచి ఆడుతున్నారు. చుట్టూ వంద మంది పైనే ఉన్నారు, ఆడవాళ్లు, ముసలివాళ్లు, చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు, అందరూ.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మన తీరంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్లు, ఇంజన్ పడవలు సముద్రంలోకి పోనివ్వరు. ఆ రెండు నెలలూ మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు. పగలు వలలు బాగు చేసుకోవడం, ఎండ తగ్గితే వాలీబాల్.

నిలబడి చూస్తున్నాను. ఒకాయన కాలు మడతపడి బయటికి వచ్చాడు. "ఏందన్నా, అట్నే చూస్తా నిలబడ్డావ్, ఆడతావా? దిగు" అన్నాడు ఇంకొకాయన. షూ విప్పేసి దిగాను.

వాళ్ల లిఫ్టర్‌కు, అంటే కొట్టేవాడికి బంతిని నెట్ దగ్గర పైకి లేపి ఇచ్చే ఆయనకు, నలభై అయిదేళ్లు ఉంటాయి. తాళ్లు లాగిలాగి వేళ్లు కాయలు కాచి ఉన్నాయి, కానీ బంతి ఆ వేళ్ల మీద నుంచి చప్పుడు లేకుండా లేస్తుంది. నాకు మూడు లిఫ్టులు ఇచ్చాడు, మూడూ నెట్‌కే కొట్టాను. గట్టి నేల మీద మూడు నాలుగు అడుగులు పరిగెత్తి ఎగిరే అలవాటు నాది, ఇసుకలో ఆ పరుగు కాలిని లోపలికి దించేస్తుందే గానీ మనిషిని పైకి లేపదు. ఆయన దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసి, "తొందరపడబాకన్నా. బంతి నా చెయ్యి వదిలినాక కదులు. రెండడుగులు చాలు" అన్నాడు. నాలుగో బంతి అవతలి గీత లోపల పడింది. చుట్టూ ఉన్న జనం అరిచిన అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. కాలేజీలో మాకు కోచ్ ఉన్నాడు, నాలుగేళ్లు ఆడాను, ఈ ఒక్క ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

కోర్టు వేసిన తీరులో కూడా తెలివి ఉంది. తీరం వెంబడి ఉత్తర దక్షిణాలుగా వేశారు, అందువల్ల సాయంత్రం ఎండ ఏ జట్టుకూ కళ్లలో కొట్టదు. కాకపోతే సముద్రపు గాలి అడ్డంగా కొడుతుంది. బంతి బరువు 280 గ్రాములు మించదు, గాలికి ఊరి వైపు జరిగిపోతుంది. అందుకని సర్వీస్ ఎప్పుడూ సముద్రం వైపు గీత చూసి కొడతారు. నెట్ ఎత్తుకు ఒక వెదురు గడ మీద గీత పెట్టుకున్నారు. తర్వాత ఒకసారి నేను టేపు తీసుకుపోయి కొలిస్తే మగవాళ్ల కొలత 2.43 మీటర్లకు వేలెడు తేడా కూడా లేదు. నెట్ చినిగితే వల అల్లే సూదితో కూర్చుని పది నిమిషాల్లో అల్లేస్తారు. ఊళ్లో మేము చినిగిన నెట్‌కు ప్లాస్టిక్ తాళ్లు ముడేసుకుని ఆడేవాళ్లం.

చూడటానికంటారా, సంక్రాంతి పండగ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో ఫ్లెక్సీలు చూస్తూ ఉండండి, లైట్లు పెట్టి రాత్రంతా ఆడే టోర్నీలు ఉంటాయి. 2024లో ప్రైమ్ వాలీబాల్ లీగ్ చెన్నైలో పెట్టారు, రైలెక్కితే మూడు గంటల దారే కదా అని పోయి చూశాను. ఆట గొప్పగా ఉంది, బ్లాకింగ్, అంటే నెట్ మీద చేతులెత్తి బంతిని అడ్డుకోవడం, అదైతే టీవీలో చూసేదానికీ దగ్గరగా చూసేదానికీ పోలికే లేదు. కానీ సెట్ 15 పాయింట్లకే అయిపోతుంటే నాకు తృప్తి కలగలేదు. మా పాళెంలో 25 దాకా ఆడతారు, 18-23లో ఉన్న జట్టు లేచి గెలవడం నేను చూశాను.

ఒక్క విషయం మాత్రం నాకు బాధగా ఉంది. మా పాపకు పన్నెండేళ్లు, ఆడతానంటుంది. ఆడపిల్లలకు నెట్ 2.24 మీటర్లకు దించాలి, అంతే పని. అయినా సాయంత్రం పూట ఆడపిల్లలు ఆడే కోర్టు మా ఇంటి చుట్టుపక్కల ఎక్కడా లేదు. ఇప్పుడు మేడ మీద గోడకు కొట్టుకుంటూ ప్రాక్టీస్ చేస్తోంది. మీకు అలాంటి కోర్టు కనబడితే తప్పకుండా నాకు చెప్పండి.

మీరు పాళేనికి రావాలంటే వేట నిషేధం రోజుల్లో, సాయంత్రం నాలుగున్నర తర్వాత రండి. ఒంగోలు వైపు వాళ్లయితే కొత్తపట్నం తీరం వెంట చూసుకోండి. ఒక కొత్త బంతి తీసుకుపోండి, ఉప్పు గాలికి, ఇసుకకు బంతులు తొందరగా పాడవుతాయి. జూన్ 15 తెల్లవారుజామున పడవలన్నీ లోపలికి పోతాయి, ఆ సాయంత్రం పోతే ఇసుకలో రెండు సర్వి కొయ్యలే ఉంటాయి.