చిన్నమ్మలుకి, పార్కు పని మొదలెట్టే ముందు

చిన్నమ్మలూ,

కాలనీ పార్కుని చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకీ చూపు లేనివాళ్లకీ పనికొచ్చేలా మార్చే పని నీ చేతికొచ్చిందని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. పది నిమిషాల్లో నాలుగుసార్లు చెప్పింది. నాకూ గర్వంగానే ఉంది, కాదనను. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్ఫై ఏళ్లు విశాఖలో సిమెంటూ కంకరా మధ్య బతికినవాణ్ని. నువ్వు ఎక్కడెక్కడ తప్పు చేస్తావో ఒక్కొక్కటే గుర్తొచ్చింది.

కొలతలు నీకు తెలిసినవే. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల ర్యాంపు. దారి ఎంత ఇరుకైనా 900 మిల్లీమీటర్లకి తగ్గకూడదు, కుర్చీ తిరిగే చోట 1500 ఉండాలి. "ఇంతెందుకమ్మా" అంటాడు మేస్త్రీ. వాలు సరిచూసే రసమట్టం నువ్వే పట్టుకో. చూపు లేనివాళ్లు కాలితో తడిమి తెలుసుకునే పసుపు టైల్స్‌లో గీతలున్నవి నడవమని, చుక్కలున్నవి ఆగమని. వాటిని 1965లో జపాన్‌లో మియాకే అనే ఆయన కనిపెట్టాడు. మనవాళ్లు వాటిని ముగ్గులా పరిచి, తీసుకెళ్లి కరెంటు స్తంభానికి గుద్దిస్తారు. పరిచాక కళ్లకి గంతలు కట్టుకుని నువ్వే ఒకసారి నడువు. మన ఉప్పుగాలికి మామూలు ఇనుప రెయిలింగు ఇట్టే పొట్టు లేస్తుంది, పట్టుకున్నవాళ్ల అరచెయ్యి గీరుకుపోతుంది. స్టెయిన్‌లెస్‌లో కూడా ఉప్పుకి బాగా తట్టుకునే 316 రకమే అడుగు. అంతగా తట్టుకోని 304 అంటగట్టాలని చూస్తారు.

ఇక గేటు సంగతి. ఈ ఉత్తరం దాని కోసమే.

1998లో ఒక పార్కు పని నా చేతి మీదుగా జరిగింది. ఆవులు వస్తున్నాయి, కుర్రాళ్లు బైకులేసుకుని వస్తున్నారు అని చుట్టుపక్కలవాళ్లు గోల పెడితే, నాలుగు చేతుల తిరుగుడు గేటు బిగించాను. అందరూ మెచ్చుకున్నారు. లోపల ర్యాంపు కూడా కట్టాను, దాని పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాను. చెత్త బండి కోసం పక్కన పెద్ద గేటు, దానికి తాళం. మూడు చక్రాల బండివాళ్లెవరైనా వస్తే వాచ్‌మన్ తీస్తాడులే అనుకున్నాను.

ఒకాయన రోజూ సాయంత్రం చేత్తో తిప్పే మూడు చక్రాల సైకిల్ మీద వచ్చి, గోడ బయట కానుగ చెట్టు కింద ఆగేవాడు. లైట్లు వెలిగేదాకా ఉండి వెళ్లిపోయేవాడు. నీడ కోసం వస్తున్నాడనుకున్నాను. ఎన్ని నెలలో! ఒకరోజు నేనే పలకరించాను.

"లోపలికి రావేం?"

"తాళం కదా బాబూ."

"వాచ్‌మన్‌ని అడిగితే తీస్తాడుగా?"

"తీస్తాడండి. మొదట్లో అడిగేవోణ్ని. రోజూ అడగాల కదా. ఓ రోజు టీకెళ్తాడు, ఓ రోజు విసుక్కుంటాడు. ఇక్కడైతే ఎవుర్నీ అడగక్కర్లేదు."

అలా అని కాలరుకి చుట్టుకున్న చేతిరుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. కోపం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఓ మాట అని వచ్చేసేవాణ్ని.

అప్పటికే దివ్యాంగుల కోసం తెచ్చిన 1995 చట్టం ఉంది. అందులో ర్యాంపుల దగ్గర 'ఆర్థిక స్తోమత మేరకు' అనే ముక్క ఒకటి ఉండేది. మేమంతా దాని చాటున దాక్కున్నవాళ్లమే. ఆ గేటు తీయించడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. తీసిన రోజు కానుగ చెట్టు కిందికి వెళ్లి చూశాను. లేడు. మర్నాడూ లేడు. ఎక్కడుంటాడో, పేరేమిటో నేను ఒక్కసారైనా అడగలేదు.

2016 చట్టం వచ్చేసరికి ర్యాంపుల దగ్గర ఆ సాకు లేదు. కాబట్టి ఎవరైనా బడ్జెట్ అంటే తగ్గకు. గేటు లేకపోతే బైకులు దూరతాయంటారు. దూరతాయి. 900 మిల్లీమీటర్ల సందులోంచి బైకు ఎంచక్కా వస్తుంది. దానికి కాపలా మనిషిని పెట్టమను, అంతేగాని ఇనుప చేతులు బిగించనివ్వకు. దివ్యాంగుల టాయిలెట్‌కి కూడా బయట గడియ, గొళ్లెం పెట్టనివ్వకు. పెట్టారంటే నెల తిరిగేసరికి చీపుళ్లూ ఫినాయిల్ డబ్బాలూ అందులో చేరతాయి, తాళం పడుతుంది. నా చాదస్తం అనుకుంటావు. అనుకో.

ఇంకోటి. నువ్వు మీ నాన్నలాగే, అంతా తెలుసనుకుని ఎవర్నీ అడగవు. బీచ్ రోడ్డులో, దివ్యాంగ పిల్లలూ ఆడుకునేలా కట్టిన ఆల్ ఎబిలిటీస్ పార్కుకి ఓ ఆదివారం వెళ్లి, పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మల పక్కన కూర్చో. నోట్‌బుక్ తియ్యకు, ముందు మాట్లాడు.

తిడుతున్నానని మొహం ముడుచుకోకు. నీకు ఐదేళ్లప్పుడు బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన కురుసుర సబ్‌మెరైన్ చూడ్డానికి వెళ్లాం, గుర్తుందా? లోపల ఆ గుండ్రటి సందుల్లోంచి చేపపిల్లలా దూరి, వెనక్కి తిరిగి "మరి తాతయ్య ఎలా వస్తాడు?" అన్నావు. తాతయ్య చేతికర్రతో బయట ఇసక వైపు చూస్తూ నిలబడ్డాడు. మాలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. నువ్వు మిగతాది చూడకుండా బయటికొచ్చేసి, ఆయన పక్కన కూర్చుని ముంత మసాలా తిన్నావు.

బెంచీలు వేయించేటప్పుడు వెనక ఆనుకోవడానికి పలక, పక్కన చేతులు మర్చిపోకు. ఎత్తు మరీ తక్కువ పెట్టకు. నా మోకాళ్ల సంగతి తెలుసుగా, కూర్చోవడం నా వల్ల అవుతుంది, లేవడమే కష్టం. పని మొదలెట్టే రోజు చెప్పు, నా రసమట్టం తెస్తాను.

మీ మావయ్య