చిన్నీకి, మొదటి కచేరీకి ముందు

చిరంజీవి చిన్నీని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

డిసెంబరులో, సంగీతోత్సవాల వేళ మద్రాసులో ఉండి కర్ణాటక సంగీత కచేరీకి రాకపోతే ఎలా అని మీ ఆఫీసు అమ్మాయి నీ చేత టికెట్టు కొనిపించిందట. "రాగాలు తెలీవు పెద్దమ్మా, మధ్యలో నిద్రొస్తే పరువు పోతుంది, టెన్షన్‌గా ఉంది" అన్నావు ఫోన్లో. నిద్రొస్తే కాసేపు పడుకో. ముందు వరుసలో కూర్చుని గురకపెట్టే రసికులను నేను బోలెడంతమందిని చూశాను. మరీ బెరుగ్గా ఉంటే ముందొక మధ్యాహ్నం ఏదో ఒక సభకి వెళ్ళిరా, కచేరీలు పెట్టే సంఘాల్ని అక్కడ సభలంటారు. ఆ వేళ చాలా చోట్ల టికెట్టే ఉండదు, నచ్చకపోతే లేచి వచ్చేయొచ్చు.

అసలు రోజున మాత్రం పావుగంట ముందే వెళ్ళి కూర్చో. మృదంగం శ్రుతి చేసుకోవడం కనిపిస్తే వదలకు. ఎడమవైపు మూతకు తడిపిన రవ్వముద్ద అద్దుతారు, ఆ గుమ్మనే మోత దానివల్లే. కుడివైపు అంచు మీద చిన్న రాయితో తట్టి తట్టి, తంబురాతో కలిసేదాకా సరిచేస్తారు. ఆ కలిసిన క్షణం నీ చెవికే తెలుస్తుంది. రాగజ్ఞానంతో పని లేదు.

ముందు వర్ణం, తర్వాత చిన్న కీర్తనలు కొన్ని, సగం దాటాక పెద్ద కీర్తన, ఆపైన జావళీ, తిల్లానా లాంటి తేలికపాటివి, చివర మంగళం. ఈ వరుసను స్థిరపరిచింది పాత తరం గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగారని చెబుతారు. ఇదేమీ బట్టీ పట్టకు. పెద్ద కీర్తన వస్తోందని నీకే తెలుస్తుంది. మాటల్లేకుండా ఆలాపన చాలాసేపు సాగుతుంది, ఆ తర్వాత వయొలిన్ ఆయన అదే రాగాన్ని తన వంతుగా వాయిస్తాడు. హాల్లో దగ్గులు కూడా తగ్గిపోతాయి.

ఇప్పుడు అసలు సంగతి. నీ పక్క సీటావిడ రాగం పేరు రెండో స్వరానికే పట్టేస్తుంది. నీకు మాట తెలుసు. త్యాగరాజస్వామి బతికింది కావేరి ఒడ్డున తిరువయ్యారులో, రాసింది దాదాపు అంతా మన తెలుగులో. "నిధి చాల సుఖమా" అనుకో, కల్యాణి రాగం. చరణంలో "మమత బంధనయుత నరస్తుతి సుఖమా" అన్న చోట చాలామంది ఆగి, ఆ ఒక్క పంక్తినే పట్టుకుంటారు. మాటలు తాళంలో ఉన్నచోటే ఉంటాయి, పాట మాత్రం ప్రతిసారీ కొత్త దారిలో వెళ్ళొస్తుంది. దాన్నే నెరవల్ అంటారు. ఒకసారి మనసును నిలదీసినట్టుంటుంది, ఇంకోసారి బతిమాలినట్టు, మరోసారి తనమీద తనకే జాలి వేసినట్టు. పక్కావిడ సంగతులు, అంటే ఆ పంక్తికి వేసే కొత్త కొత్త వరసలు, లెక్కపెట్టుకుంటుంది, నీకు ఆ ప్రశ్న వినబడుతుంది. రాజుల్ని పొగిడి బతకనన్న మనిషి అడిగిన ప్రశ్న అది.

కొందరు మాటను ఎక్కడపడితే అక్కడ విరిచేస్తారు, "నర" ఇక్కడ, "స్తుతి" అక్కడ. నాకు ప్రాణం చివుక్కుమంటుంది. అయినా, భాష రాకపోయినా తరాల తరబడి కంఠస్థం చేసి ఈ పాటలను నిలబెట్టింది వాళ్ళే, ఆ మాట ఒప్పుకోవాలి.

తాళం వెయ్యాలనిపిస్తే వేసుకో. ఆది తాళమైతే అరచేత్తో ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరంవేలు, నడిమివేలు, ఆపైన దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. కాకపోతే ఒళ్ళో వేసుకో, పైకి కనబడనివ్వకు. పెళ్ళైన కొత్తలో నేను ముందు వరుసలో కూర్చుని తొడమీద గొప్పగా వేశాను. ఆ పాటేమో దెబ్బ పడ్డాక అర అక్షరం, అంటే తాళంలో అర లెక్క, ఆగి ఎత్తుకునేది. నేను పాట ఎక్కడ మొదలైతే అక్కడే దెబ్బ వేస్తూ పోయాను. ఘటం వాయించే ఆయన నా చెయ్యి చూశాడు, నవ్వు ఆపుకున్నాడు, ఇక లాభం లేదని కళ్ళు మూసుకున్నాడు. మీ పెదనాన్నగారు ఆ రోజుకీ ఈ రోజుకీ దెప్పుతూనే ఉన్నారు. అందుకే పాడే ఆవిడ చేతిని చూసి వెయ్యి.

పెద్ద కీర్తన చివర్లో తనియావర్తనం ఉంటుంది, మృదంగం, ఘటం వంతులేసుకుని వాయిస్తారు. సగం హాలు అప్పుడే లేచి క్యాంటీన్‌కి పోతుంది. నువ్వు లేవకు. వంతులు పొడుగ్గా మొదలై సగానికి, అందులో సగానికి తగ్గుతూ వస్తాయి. ఆఖరికి ఇద్దరూ కలిసి ఒకే ముక్తాయింపును, అంటే ముగింపు దరువును, మూడుసార్లు వాయిస్తారు. మూడోది ముగిసీ ముగియగానే పాడే ఆవిడ ఇందాక వదిలిన పంక్తిని సరిగ్గా దాని చోట అందుకుంటుంది. ఆ అతుకు వినడానికే నేను ముప్పై ఏళ్ళుగా కాఫీ చల్లారబెట్టుకుంటున్నాను.

ఏసీకి శాలువా పట్టుకెళ్ళు. చిన్న కాగితం, పెన్ను కూడా. నెరవల్ ఏ పంక్తి మీద పాడారో రాసుకుని రాత్రికి ఫోన్ చెయ్యి. పదిన్నర దాకా మేలుకునే ఉంటాను. పంక్తి చదువు, రాగం నేను చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ