అద్దం మీద చిప్ పది రోజులుగా పెరగలేదంటే ఇక పెరగదని కాదు

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: ముందు వెళ్తున్న టిప్పర్ టైరు కింద నుంచి కంకర రాయి లేచి ముందు అద్దానికి కొట్టింది, బొటనవేలి గోరంత పెచ్చు లేచింది (దీన్నే చిప్ అంటారు), దాని చుట్టూ మూడు సన్న గీతలు, అందులో ఒకటి కాస్త పొడవు. పది రోజులైంది, పెరగలేదు. అలాగే వదిలేయొచ్చా, ఆన్‌లైన్‌లో కిట్ తెప్పించి ఇంట్లోనే పూడ్చుకోవచ్చా, లేక అద్దమే మార్చాలా అని మీ ప్రశ్న.

వదిలేయొద్దు. మార్చాల్సిన అవసరం కూడా బహుశా రాదు. మిగతాది తర్వాత చదువుకోవచ్చు గానీ ముందు లేచి వెళ్లి ఆ చిప్ మీద బయటివైపు ఒక పారదర్శకమైన టేపు ముక్క అంటించి రండి. అద్దం తడిగా ఉంటే ఆరాక. మామూలు సెల్లోటేప్ చాలు, వారానికి మించి ఉంచకండి, జిగురు పట్టేస్తుంది. టేపు పగులును ఆపదు. దుమ్ము, వాన నీళ్లు, వైపర్ దగ్గర చిమ్మే సబ్బునీళ్లు లోపలికి పోకుండా చూస్తుంది, అంతే. కానీ రేపు రిపేరు చేసేవాడికి శుభ్రమైన పగులు దొరకడమే సగం పని అయినట్టు. ఈ సంగతి నాకు మూడో దెబ్బకి గానీ తెలియలేదు.

మొదటిసారి నాకూ మీలాగే, నక్షత్రం ఆకారంలో వచ్చింది. ఐదు వారాలు అంగుళం కదలలేదు. మొదట్లో కారెక్కగానే కళ్లు దాని మీదకే పోయేవి, పెరిగిందేమో అని వేలితో తడిమేవాణ్ణి, మూడో వారానికల్లా అదొకటి ఉందన్న సంగతే మర్చిపోయాను. ఒకరోజు పొద్దున్నుంచి ఎండలో నిలిపి ఉంచిన కారు ఎక్కితే లోపల కొలిమిలా ఉంది, ఏసీ మొత్తం పెంచి గాలి అద్దం మీదకి తిప్పాను. రెండు నిమిషాలు కాలేదు, టిక్‌మని చప్పుడు, గోరు విరిగినంత చప్పుడు. చూస్తే పొడవు గీత జానెడు కిందికి దిగి ఉంది. ఏసీ కట్టేసి పక్కకి ఆపుదామని తిప్పుతుంటే చక్రం ఓ గతుకులో పడింది, నేను చూస్తుండగానే ఆ గీత కాస్త వంకర తిరిగి అద్దం అంచు దాకా పాకింది. ఐదు వారాల్లో అరగంట తీరిక చేసుకుని ఉంటే పోయేదానికి మొత్తం అద్దం మార్చాల్సి వచ్చింది.

పగులు కొస చాలా సన్నగా ఉంటుంది కదా, అద్దం మీద పడే లాగుడంతా ఆ కొస దగ్గరే పోగవుతుంది. చల్లగాలి తగిలిన చోట గాజు ముడుచుకోవాలని చూస్తుంది, పక్కన వేడిగా ఉన్న గాజు దాన్ని ముడుచుకోనివ్వదు, ఆ పెనుగులాట వెళ్లి కొస మీద పడుతుంది. చలిలో డీఫ్రాస్టర్ (అద్దం మీదికి వేడిగాలి కొట్టేది) ఒక్కసారిగా పెంచినా ఇదే జరుగుతుంది, కాగిన అద్దం మీద చన్నీళ్లు కొట్టినా ఇదే. అందుకే రిపేరు అయ్యేదాకా ముందు కిటికీలు దించి వేడి బయటికి పోనిచ్చి, తర్వాత ఏసీ పెట్టుకోండి, గాలి అద్దం వైపు కాకుండా మీ వైపు తిప్పుకోండి. కిటికీలన్నీ మూసి తలుపు దభీమని వేయొద్దు, లోపల గాలి ఒత్తిడి అద్దం మీదే పడుతుంది. ప్రెషర్ వాషింగ్ అసలే వద్దు.

ఇది రిపేరు అవుతుందని అంత ధైర్యంగా ఎలా చెబుతున్నానంటే, ముందు అద్దం ఒకే పలక కాదు. రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర, అది మందంలో మిల్లీమీటరు కూడా ఉండదు. రాయి తగిలితే మామూలుగా బయటి పలకే దెబ్బతింటుంది, లోపలిది, పొర, రెండూ బాగానే ఉంటాయి. పక్క తలుపుల అద్దాలు చాలా కార్లలో వేరే రకం, టెంపర్డ్ గాజు, అవి పగిలితే పటికబెల్లం ముక్కల్లా మొత్తం రాలిపోతాయి, వాటికి రిపేరు అనే మాటే లేదు. (ఈ పొర ఆలోచన వెనక కథ ఒకటి చెబుతారు: 1903లో ఎడ్వార్ బెనెడిక్టస్ అనే ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో గాజు ఫ్లాస్కు కింద పడి పగిలిందట, ముక్కలు మాత్రం విడిపోలేదట, చూస్తే లోపల సెల్యులోజ్ నైట్రేట్ ఆరిపోయి పొరలా అంటుకుని ఉందట. నా అద్దం ఆ చివర నుంచి ఈ చివరకి చీలినా నా ఒళ్లో పడలేదంటే అలాంటి పొర చలవే.)

కాబట్టి మీరు చూడాల్సిన మొదటి విషయం: కారు లోపలివైపు నుంచి, సరిగ్గా ఆ చిప్ వెనక, గోటితో నెమ్మదిగా గీకి చూడండి. నున్నగా జారిపోతే దెబ్బ బయటి పలక వరకే, రిపేరుకి అవకాశం ఉంది. లోపల కూడా గోరు పట్టుకుంటే ఇక రిపేరు ఆశ వదులుకోండి. తర్వాత అంచు నుంచి దూరం. అంచుల దగ్గర అద్దం మీద ముందే ఒత్తిడి ఎక్కువ, అక్కడి పగుళ్లు తొందరగా పాకుతాయి, చాలామంది వాటిని ముట్టుకోరు. ఇక పరిమాణం: చిప్ సుమారు రెండున్నర సెంటీమీటర్ల లోపు, గీత అయితే ఓ 15 సెంటీమీటర్ల లోపు ఉంటే మామూలుగా ఒప్పుకుంటారు, పొడవు పగుళ్లు పూడ్చేవాళ్లూ ఉన్నారు గానీ మీది అంత దూరం పోలేదు. డ్రైవరు కళ్లకి సూటిగా ఎదురుగా ఉంటే మాత్రం చిన్నదైనా ఆలోచించాలి, ఎందుకంటే రిపేరు చేశాక కూడా చిన్న మచ్చ మిగులుతుంది, రాత్రి ఎదురు లైట్లు దాని మీద పడితే చెదురుతాయి. ఆ భాగంలో ఎంత దెబ్బ దాకా రిపేరు చేయొచ్చో కొన్ని దేశాల్లో నిబంధనలే ఉన్నాయి, మీ దగ్గర ఎలాగో షాపులో అడగండి. అద్దం పైభాగంలో, మిర్రర్ వెనక కెమెరా ఉంటే, చిప్ దాని చూపుకి అడ్డంగా ఉందా అని కూడా చూసుకోవాలి.

ఇక కిట్ సంగతి. దానికన్నా ముందు నా రెండో దెబ్బ చెప్పాలి, మీ పోస్టు కిందే ఒకరు సూపర్ గ్లూ వేయమన్నారు కాబట్టి. నేను వేశాను. అది గుండ్రటి దెబ్బ, బుల్స్ ఐ అంటారే అది, కాళ్లు (చుట్టూ పాకే గీతలు) లేని రకం. ఒక చుక్క వేసి, పైన బ్లేడుతో గీకి, చూసుకుని మురిసిపోయాను కూడా. జరిగింది ఏమిటంటే గ్లూ చిప్ మూతి దగ్గరే గడ్డకట్టింది, లోపల గాలి అలాగే ఉండిపోయింది, పైగా ఇప్పుడు దానికి మూత పడింది. రెండు నెలలకి తెల్లగా మసకబారింది. రిపేరు చేసే అతను భూతద్దం పెట్టి చూసి "ఎవరు చేశారండీ ఇది?" అన్నాడు, నేనేనని చెప్పలేక "తెలియదు, పాత ఓనరేమో" అన్నాను. సన్నటి డ్రిల్‌తో ఆ గ్లూని తొలిచి, లోపలికి దారి చేసి రెసిన్ (పగులు పూడ్చే పారదర్శకమైన ద్రవం, తర్వాత గట్టిపడుతుంది) ఎక్కించాడు. నిలబడింది గానీ చేప కన్నులాంటి తెల్ల మచ్చ ఇప్పటికీ ఉంది. నెయిల్ పాలిష్‌ది కూడా ఇదే వరస, మూతి మూసేస్తుంది, లోపలికి పోదు.

మూడోసారి రాయి తగిలిన ఐదు నిమిషాల్లో బండి ఆపి టేపు వేశాను, డ్యాష్‌బోర్డులో ఒక చుట్ట పడి ఉంటుంది ఇప్పుడు. నాలుగో రోజు రిపేరు. అతను చేస్తుంటే పక్కనే నిలబడి చూశాను, అందుకే మీకు ఇంత వివరంగా చెప్పగలుగుతున్నాను. ముందు ఒక సూది మొనతో వదులుగా ఉన్న గాజు పొడిని తీసేశాడు. మూడు కాళ్ల చిన్న స్టాండు, బ్రిడ్జి అంటారు, దాన్ని రబ్బరు కప్పుతో అద్దానికి అంటించి, మధ్యలో ఉన్న గొట్టం సరిగ్గా చిప్ మూతి మీద కూర్చునేలా బిగించాడు. గొట్టంలో రెండు మూడు చుక్కల రెసిన్. పిస్టన్ వెనక్కి లాగితే లోపలి గాలి బుడగలుగా పైకి వస్తుంది, ముందుకి తిప్పితే రెసిన్ పగుల్లోకి పోతుంది. లాగడం, నొక్కడం, లాగడం, నొక్కడం. లోపలి నుంచి చిన్న అద్దం పెట్టి చూపించాడు: వెండి రంగులో మెరుస్తున్న పగులు కాలు ఒకటి మొదలు నుంచి కొస దాకా మెల్లగా చీకటిపడినట్టు అయిపోయింది, మాయమైపోయింది. ఆ మెరుపంతా లోపలి గాలిదేనండి, గాజు కలిసేచోట గాలి ఉంటే వెలుతురు వెనక్కి కొడుతుంది, రెసిన్ వెలుతురుని దాదాపు గాజులాగే వంచుతుంది కాబట్టి అది నిండిన చోట కంటికి ఏమీ తెలియదు. రెండో కాలి కొసలో మాత్రం ఆవగింజంత మెరుపు మిగిలితే, దాని కోసం ఇంకో పది నిమిషాలు కూర్చున్నాడు. ఆ కొస నిండకపోతే రేపు అక్కడి నుంచే మళ్లీ మొదలవుతుందట. తర్వాత యూవీ (అతినీలలోహిత) లైటు పెట్టి గట్టిపడనిచ్చి, పైన గుంటలో కాస్త చిక్కటి రెసిన్ వేసి, సన్న ప్లాస్టిక్ ముక్క కప్పి మళ్లీ లైటు, చివర బ్లేడుతో గీకి పాలిష్. మొత్తం అరగంట పైచిలుకు.

ఇది చదివాక కిట్ విషయం మీకే అర్థమై ఉంటుంది. కిట్‌లోనూ ఇదే సామాను ఉంటుంది, బొమ్మ సైజులో. కాళ్లు లేని చిన్న గుండ్రటి దెబ్బకి, తగిలిన కొత్తలో, అది బాగా పనిచేస్తుంది, మా తమ్ముడి కారుకి నేనే చేశాను. కానీ మీది కాళ్లున్న దెబ్బ, ఒకటి పొడవు కూడా అంటున్నారు, పైగా టేపు లేకుండా పది రోజులు తిరిగింది. కొసల దాకా రెసిన్ పోవాలంటే గాలి లాగే పని ఓపిగ్గా పదే పదే చేయాలి, అది చౌక సిరంజితో సరిగ్గా కుదరదు. ఒకసారి అరకొరగా నిండి గట్టిపడిందా, నా గ్లూ కథే, తర్వాత వచ్చినవాడు కూడా పెద్దగా ఏమీ చేయలేడు. అందుకే మీ దానికి షాపుకే వెళ్లమంటాను. కాదు, నేనే చేస్తానంటే మాత్రం: నీడలో చేయండి, ఎండలో రెసిన్ లోపలికి పోకముందే గట్టిపడుతుంది. అద్దం చేతికి వెచ్చగా కూడా తగలకూడదు. పగుల్లో తడి ఉండకూడదు. స్క్రూ బిగించేటప్పుడు బలం చూపించకండి, అక్కడ పగులు పెరిగిందని ఏడ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. అంతా నిండాకే ఎండలోకి తీయండి.

షాపులో రెండు మాటలు ముందే అడగండి. రిపేరు చేస్తుండగా పగులు పాకితే ఎవరి బాధ్యత (చాలామంది మాది కాదనే అంటారు, అది అన్యాయమేమీ కాదు), అలా పాకితే రిపేరు డబ్బు కొత్త అద్దం లెక్కలో తగ్గిస్తారా. ఇన్సూరెన్స్ ఉంటే అద్దం రిపేరుకి, అద్దం మార్పుకి షరతులు వేరువేరుగా ఉండొచ్చు, క్లెయిమ్ పెట్టకముందే పాలసీ చదవండి. మచ్చ పూర్తిగా పోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మొద్దు. నా మూడో దెబ్బ ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి కనిపిస్తుంది, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడితే చిన్న నలకలా, మా ఇంట్లోవాళ్లకి చూపిస్తే గానీ దొరకలేదు.

ఒకవేళ మార్చక తప్పదన్నారనుకోండి, అక్కడ తొందరపడకండి. నా మొదటి అద్దం మార్చినచోట జిగురు ఆరకముందే "తీసుకెళ్లండి సార్, ఏం కాదు" అన్నారు, నేనూ తలుపు ధబేల్‌మని వేసుకుని వచ్చేశాను. మొదటి వానకే పై మూల నుంచి నీళ్లు కారి సీటు నానింది. ఆ యూరెథేన్ జిగురు ఎన్ని గంటల్లో బండి నడపదగ్గంత గట్టిపడుతుందన్నది జిగురు రకాన్ని బట్టి, వేడిని, గాలిలో తేమను బట్టి మారుతుంది, కచ్చితమైన సమయం వాళ్లనే అడిగి అంతసేపు ఆగండి. ఇది నీళ్లు కారడంతో పోయే విషయం కాదు, చాలా కార్లలో ప్రమాదం జరిగినప్పుడు పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ అద్దానికి ఆనుకునే ముందుకు తెరుచుకుంటుంది, అద్దం ఊడిపోతే ఎయిర్‌బ్యాగ్‌కి ఆనిక ఉండదు. మొదటి రోజు ఒక కిటికీ కొంచెం దించి ఉంచండి, వాళ్లు అంచులకి వేసిన టేపు పీకేయకండి. కెమెరా ఉన్న కారైతే అద్దం మార్చాక దాన్ని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని చూపు సరిగ్గా కుదర్చాలి, అది బిల్లులో ఉందో లేదో ముందే చూసుకోండి.

ఇంకో చిన్న విషయం, ఎవరూ చెప్పరు: వైపర్ రబ్బరు మార్చేటప్పుడు బ్లేడు ఊడదీసి చేయి అలా పైకి లేపి వదిలేస్తాం కదా, అది స్ప్రింగు దెబ్బకి వెనక్కి పడితే ఇనుప కొన నేరుగా అద్దానికి కొడుతుంది. రాయి అక్కర్లేదు, అదొక్కటి చాలు. కింద మడతపెట్టిన తువ్వాలు వేసుకోండి.

టేపు వేశారా? వేశాక, లోపలివైపు నుంచి ఆ పొడవు గీత కొస ఎక్కడుందో అక్కడ మార్కర్‌తో చిన్న చుక్క పెట్టి, పక్కన ఈరోజు తేదీ వేసి ఫోటో తీసుకోండి. షాపుకి వెళ్లేలోగా గీత ఆ చుక్క దాటిందో లేదో, దాటితే ఎంతో ఇక్కడ రాయండి, ఫోటో పెడితే ఇంకా మంచిది, చూసి చెబుతాను.